జెనీవా నగరపు ప్రదర్శనశాలలు: గడియారములును, పేళ్ల చీట్లును



స్విట్జర్లాండు దేశమునకు పడమటి కొసను నెలవంక యాకారముగల పెద్ద సరస్సొకటి కలదు. రోను నది తూర్పున నందు ప్రవేశించి, నైరుతి మూలనుండి మరల బయలుదేఱి ఫ్రాన్సు దేశమునకు పోవుచున్నది. నది బయలుదేఱు నా చోటనే జెనీవా నగరము వెలసినది. 2019వ సంవత్సరమున నే నచ్చట కొన్ని దినము లుండి ప్రదర్శనశాలలు చూచితిని. రాజుల కిరీటములును, రత్నఖచితములైన సింహాసనములును చూడగోరి పోవువారి కచ్చట నిరాశయే కలుగును. ఆ యూర నొక్కొక్క వృత్తికిని, నొక్కొక్క పనికిని వేఱువేఱుగ ప్రదర్శనశాలలు కట్టుకొనిరి. మతసంస్కరణమున కొకటి, గడియారముల కొకటి, శాస్త్రపరికరముల కొకటి, పింగాణి, గాజు సామానుల కొకటి, రెడ్ క్రాసు సంఘమున కొకటి. వీనిలో రెండింటిని గూర్చియే నేడు విస్తరించి చెప్పదలచితిని.

మొదట నా యూరికి గడియారము లెట్లు వచ్చినవో చెప్పవలెను. 1536లో జెనీవా పౌరులు పోపు నధికారమును త్రోసివేసి క్రొత్త మతమును స్వీకరించిరి. అప్పుడు కూడి సమ్మతి తెలిపిన స్థలముననే, పెద్ద దేవాలయము ప్రక్కను, నేడు మతసంస్కరణ ప్రదర్శనశాల యున్నది. ఫ్రాన్సునుండి వచ్చిన కాల్విను పండితుడు 1541 మొదలు 1564లో మరణించువఱకు నా యూరిని కట్టుదిట్టముగ నడపెను. ఆడంబరము కూడదు, నగలు కూడదు, విగ్రహములు కూడదు. ఇంక కంసాలుల గతి యేమి? అదే కాలమున ఫ్రాన్సులో హింసలపాలైన ప్రొటెస్టంటులు గుంపులు గుంపులుగ నిచ్చటికి పారివచ్చిరి. వారిలో గడియారములు చేయ నేర్చినవా రుండిరి. గడియారము నగ గాదు, పనిముట్టు. కావున దానికి నిషేధము లేదు. నగలు చేయు నేర్పు గల చేతులకు గడియారము దొరకెను. 1601 నాటికే గడియారము చేయువారు తమకొక వృత్తిసంఘ మేర్పఱచుకొనిరి. 1685లో పదునాలుగవ లూయీ రాజు ప్రొటెస్టంటుల కిచ్చిన హక్కులను రద్దు చేయగా మఱికొందఱు శరణార్థులు వచ్చిచేరిరి. ఒక రాజు తన ప్రజలను తఱిమివేయగా, వారి విద్యతో పొరుగూరు బాగుపడెను.

పటెక్ ఫిలిప్ వారి గడియారముల ప్రదర్శనశాల 2001లో తెఱవబడినది. ఆ వ్యాపారమును 1839లో మొదలు పెట్టిన పటెక్ అను నాతడును పోలెండునుండి వచ్చిన శరణార్థియే. రష్యా ప్రభువులపై జరిగిన తిరుగుబాటు విఫలము కాగా దేశము విడిచివచ్చెను. క్రింది యంతస్తున పూర్వపు పనివారి బల్లలును, ఆకురాళ్లును, చిన్న చిన్న పట్టకార్లును పేర్చియుంచినారు. నాకు పైయంతస్తులలోని బంగారు గడియారములకంటె నీ బల్లలయెదుటనే యెక్కువ కాలము గడచెను. నది యావలి యొడ్డున సెంజెర్వే పేటలో నీ పనివా రిండ్ల పైకప్పుల క్రింది గదులలో, వెలుతురుకొఱకు కిటికీల యొద్ద కూర్చుండి పని చేసెడివారట. ఒకడు పండ్లచక్రము కోయును, ఒకడు స్ప్రింగు చుట్టును, ఒకడు ముఖముపై మీనాపని చేయును. జీన్ జాక్ రూసో యను తత్త్వవేత్త 1712లో నిట్టి గడియారపు పనివాని యింటనే పుట్టెను. 1989లో చేసిన యొక జేబు గడియారమున 1,728 భాగములున్నవని చదివి, గాజుపెట్టె చుట్టును రెండుమారులు తిరిగి చూచితిని. వానిలో ముఖ్యమైన దొక్కటి తప్పినను గడియారము నిలిచిపోవును.

మధ్యనున్న రెండు ప్రదర్శనశాలలను వేగముగ దాటుదును. సరస్సు నొడ్డున నున్న శాస్త్రపరికరముల భవనము ముచ్చటైనది. 1826లో కొల్లడాన్ అను పండితుడును, స్టుర్మ్ అను నాతని మిత్రుడును ఈ సరస్సులోనే నీటి యడుగున గంట మ్రోగించి, ఆవలి తీరమున దానిని విని, నీటిలో శబ్దము సెకనుకు దాదాపు 1,435 మీటర్లు పోవునని లెక్క కట్టిరి. గాలిలో దాని వేగము 340 మీటర్ల ప్రాంతమే గదా! ఇక పింగాణి ప్రదర్శనశాలను రెవిలియో యను ధనికుడు కట్టించి, తన తల్లి పేర దానికి ఆరియానా యని పేరు పెట్టెను.

ఆరియానాకు చేరువనే యున్నది రెడ్ క్రాసు ప్రదర్శనశాల. ఇది 1988లో తెఱవబడినది. దీని కథ యొక వర్తకునితో మొదలగును. జెనీవా వాడగు హెన్రీ డ్యూనాంటు తన వ్యాపారపు పనిమీద ఫ్రెంచి చక్రవర్తిని దర్శింపబోయి, 1859 జూన్ 24న ఇటలీలో జరిగిన సోల్ఫెరీనో యుద్ధపు క్షతగాత్రులను చూచెను. దాహమని యఱచు వేలమందికి నీరిచ్చు దిక్కు లేదు. ఊరి స్త్రీలను కూడగట్టి, మనవా రెవరు, శత్రువు లెవరను భేదము లేక, తాను చేయగలిగినంత చేసెను. 1862లో దానినే గ్రంథముగ ప్రకటించెను. 1863లో నైదుగురు పౌరుల సంఘ మేర్పడెను. 1864లో పండ్రెండు రాజ్యములవారు మొదటి జెనీవా ఒడంబడికపై వ్రాళ్లు చేసిరి. డ్యూనాంటు గతి యేమయ్యెను? 1867లో వ్యాపారము దివాలా తీయగా ఊరివా రాతని నసహ్యించుకొనిరి. ఊరు విడిచి, మరల నెన్నడును తిరిగి రాలేదు. 1901లో మొదటి నోబెల్ శాంతి బహుమానములో సగ మాతనికే దక్కినను, 1910లో మఱియొక పల్లెలోని యాసుపత్రిలోనే మరణించెను. ఆతని నగరమే నేడాతని పేర ప్రఖ్యాతి పొందుచున్నది.

ఈ ప్రదర్శనశాలలో నన్ను నిలువబెట్టినది చీట్ల పెట్టెల వరుసలు. 1914లో మహాసంగ్రామము రాగానే రెడ్ క్రాసు సంఘమువారు యుద్ధఖైదీల కచ్చేరి నొకదానిని స్థాపించిరి. అది రాత్ అను పేరుగల చిత్రశాల భవనములో పెట్టబడినది. అనగా ఒక ప్రదర్శనశాల కచ్చేరి యయ్యెను. ఆ కచ్చేరి చీట్లే యిప్పుడు మఱియొక ప్రదర్శనశాలలో నున్నవి. కరణీకపు లెక్కలెఱిగిన పెద్దలకు దీని పద్ధతి సులభముగ తెలియును. పోరాడు ప్రభుత్వములు తాము పట్టుకొన్న ఖైదీల జాబితాలు పంపును. ప్రతి పేరునకు నొక చీటి. మా వాడెచ్చటనని తల్లియో, భార్యయో జాబు వ్రాయును. ఆ జాబునకు నొక చీటి. రెండు చీట్లును దేశమువారీగ, అక్షరక్రమమున నొకే వరుసలో చేర్తురు. జాబు చీటియు, ఖైదీ చీటియు ప్రక్కప్రక్కను వచ్చిననాడు ఇంటికి సమాచారము పోవును. ఒకే పేరుగలవా రనేకులు, తప్పుగ వ్రాసిన పేళ్లు లెక్కలేనన్ని. మన యూరిలో రామయ్య లెందఱో తలచుకొన్నచో నా పని కష్టము బోధపడును. వేలకొలది స్వచ్ఛందసేవకులు, వారిలో నెక్కువమంది స్త్రీలు, ఇట్లు దాదాపు 70 లక్షల చీట్లు వ్రాసిరి. ఇరువది లక్షల ఖైదీల జాడ వానిలో నున్నది. గడియారపు పనివాని యోర్పే యిచ్చట పేళ్లమీద పని చేసినదని నాకు తోచెను.

ఆ కచ్చేరిలో కూర్చుండి జాబులు చూచినవారిలో రొమే రోలాండు ఒకడు. మన మహాత్ముని చరిత్రమును, రామకృష్ణ వివేకానందుల చరిత్రములను వ్రాసిన ఫ్రెంచి రచయిత యీతడే. సైనికులు గాని సామాన్యప్రజల జాడ తీయు శాఖలో పని చేసెను. 1931 డిసెంబరులో లండను సమావేశమునుండి మరలుచు గాంధీజీ ఈ సరస్సు తూర్పు కొసనున్న విల్‌నూవ్ గ్రామములో రోలాండు నతిథిగ దిగెను. అప్పుడే జెనీవాకును వచ్చి యుపన్యసించెను. 1917లో నీ సంఘపు ప్రతినిధులు హిందూదేశమునకును, బర్మాకును వచ్చి, ఇచ్చట నుంచబడిన తురుష్క ఖైదీల శిబిరములు చూచిపోయిరి. వానిలో మన బళ్లారి యొకటి.

అయినను ఒక మాట దాచరాదు. రెండవ మహాసంగ్రామమున నాజీలు యూదులను లక్షలకొలదిగ చంపుచుండగా, 1942 అక్టోబరులో నీ సంఘమువారు బహిరంగముగ ఖండించుటా, మానుటా యని చర్చించి, మానివేసిరి. ప్రభుత్వము జాబితా నిచ్చినవారికే చీటి కలదు. జాబితా యీయనివారికి చీటియే లేదు. అది తమ వైఫల్యమని సంఘమువారే తరువాత నొప్పుకొనిరి. సామాన్యప్రజల రక్షణకై ప్రత్యేకముగ నొడంబడిక 1949లో గాని కుదరలేదు.

1914 నాటి చీట్ల ప్రతిబింబములను 2014 నుండి ఇంటర్నెట్టు ద్వారా యెవరైనను చూడవచ్చును. పశ్చిమ గోదావరి జిల్లా మాధవరము వంటి యూళ్లనుండి ఆ యుద్ధమునకు సిపాయిలు పోయిరి. తాతతండ్రులు పోయి తిరిగిరాని యిండ్లవారు, పాత పింఛను కాగితములలో నింగ్లీషున వ్రాసిన పేరును, దండు పేరును, దండు సంఖ్యను చూచి యుంచుకొనవలెను. చీట్లలో వెదకుట కవియే యాధారము.