గౌతమి ఫాంటు, పాత యంత్రాలు: ఆపరేటింగ్ సిస్టమ్‌ల హార్డ్‌వేర్ అవసరాలు - తెలుగు అచ్చుపని

ధవళేశ్వరం దిగువన గోదావరి నుంచి చీలే ప్రధాన పాయల్లో ఒకటి గౌతమి. 2001లో విండోస్ ఎక్స్‌పీతో పాటు వచ్చిన తెలుగు ఫాంటు పేరు కూడా అదే. (కన్నడ ఫాంటు పేరు తుంగ, గురుముఖి ఫాంటు పేరు రావి.) పుస్తక ముద్రణకు తగిన అందం గౌతమికి లేదు గాని, తెలుగు కంప్యూటర్ చరిత్రలో దాని స్థానం గణనీయమైనది.

1995 నాటి విండోస్‌కు 4 ఎం.బి. మెమరీ చాలు. కాని అది తెలుగు ఎరుగదు. నాటి డీటీపీ ఫాంట్లు తలకట్టు, గుణింతం, వత్తు వంటి ముక్కలను ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చి పనిచేసేవి. కంటికి తెలుగు, యంత్రానికి ఇంగ్లీషు! అందువల్లే బలహీనమైన యంత్రం మీద కూడా తెలుగు పేజీ సిద్ధమయ్యేది. 1991లోనే యూనికోడ్ తెలుగుకు స్థానం కల్పించినా, ‘స్త్రీ’ అనే ఒక్క అక్షరం వెనుక ఆరు సంకేతాలుంటాయి. వాటిని కలిపి ఒక రూపంగా చూపే బాధ్యత ఆపరేటింగ్ సిస్టమ్‌ది. ఆ పని చేసిన ఎక్స్‌పీ కనీసం 64 ఎం.బి. అడిగింది, 128 ఉంటే మేలన్నది. ఈ పెంపులో తెలుగుకు ప్రతిఫలం దక్కిందనే చెప్పాలి.

అచ్చు రంగం మాత్రం వెంటనే యూనికోడ్‌లోకి రాలేదు. అది ఆధారపడిన పేజ్‌మేకర్ 2001 నాటి 7.0తో ఆగిపోయింది, దానికి యూనికోడ్ తెలియదు. రాజమహేంద్రవరం, కాకినాడ, ఏలూరు పట్టణాల్లో అచ్చయిన పుస్తకాలకూ, సిద్ధాంత గ్రంథాలకూ ఇదే పరిస్థితి వర్తిస్తుంది. ఎక్స్‌పీకి మద్దతు 2014 ఏప్రిల్ 8న ముగిసినా పాత ఫైళ్ల కోసం పాత యంత్రాలను ఉంచుకోవలసి వచ్చింది. 1874లో కందుకూరి వీరేశలింగం ప్రారంభించిన ‘వివేకవర్ధని’ తొలుత చెన్నపట్నంలో అచ్చయి, తర్వాత రాజమహేంద్రవరంలోని సొంత ముద్రణాలయానికి వచ్చింది. ఆ సంచికను నేడు చదవడానికి నాటి యంత్రం అక్కరలేదు. డీటీపీ ఫైలుకు ఆ వెసులుబాటు లేదు.

2021 అక్టోబర్ 5న వచ్చిన విండోస్ 11కు 4 జి.బి. మెమరీ, 64 జి.బి. నిల్వస్థలం, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు, ఆమోదిత జాబితాలోని ప్రాసెసర్ కావాలి. ఇరవై ఆరేళ్లలో మెమరీ అవసరం 1024 రెట్లయింది. ఎక్స్‌పీ అడిగిన అదనపు బలంలో కొంత తెలుగు అక్షరానికి ఉపయోగపడింది. టీపీఎం నిబంధన భద్రతకు సంబంధించినది, లిపికి సంబంధించినది కాదు. 2025 అక్టోబర్ 14న విండోస్ 10కు సాధారణ మద్దతు ముగియడంతో, తెలుగు చక్కగా చూపగల యంత్రాలు కూడా పక్కకు పోతున్నాయి.

తేలికపాటి లినక్స్ ఇటువంటి యంత్రాలను నిలబెట్టగలదు, యూనికోడ్ తెలుగునూ చూపగలదు. పేజ్‌మేకర్ ఫైలు మాత్రం అందులో యథాతథంగా తెరుచుకుంటుందని చెప్పలేం. కనుక మూలప్రతి తెరుచుకునే యంత్రం పనిచేస్తున్నప్పుడే పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చుకోవాలి. మార్పిడి సాధనాలు వత్తుల దగ్గర, సంయుక్తాక్షరాల దగ్గర తడబడతాయి. ముద్రిత ప్రతిని పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం సరిచూడవలసిందే.