స్లిప్‌స్ట్రీమ్

విమానం ప్రొపెల్లర్ వెనక్కి తోసే గాలి ప్రవాహానికి ఇంగ్లీషులో స్లిప్‌స్ట్రీమ్ అని పేరు. తర్వాత ఆ మాట రేసుల్లోకి వచ్చింది. ముందువాడు గాలిని చీల్చుకుంటూ పోతుంటే, వెనకే అంటిపెట్టుకుని వచ్చే సైకిలిస్టుకు శ్రమ తగ్గే చోటు కూడా స్లిప్‌స్ట్రీమే.

కంప్యూటర్లవాళ్ల చేతిలో అది క్రియ అయింది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీకి 2004లో సర్వీస్ ప్యాక్ 2 అనే అప్‌డేట్ల మూట విడుదలైంది. పాత సీడీతో ఎక్కించి, ఆపైన ప్యాక్ వేయాలంటే ప్రతి మెషీన్ దగ్గరా రెండు పనులు. అందుకని సీడీలోని ఫైళ్లను హార్డ్ డిస్కులోకి కాపీ చేసుకుని, ప్యాక్‌ను ‘ఇంటిగ్రేట్’ స్విచ్‌తో నడిపితే పాతవాటి స్థానంలో కొత్త ఫైళ్లు కూర్చునేవి. దాన్ని మళ్లీ బూటబుల్ సీడీగా రాస్తే సరి. ఇదే స్లిప్‌స్ట్రీమ్ చేయడం. మాట బాగా అతికింది: ప్యాక్ అసలు సెటప్ వెంబడే సాగిపోతుంది, వేరే తొక్కుడు లేదు.

అసలు మేలు హార్డ్ డిస్కును కలిపే సాటా కంట్రోలర్ల డ్రైవర్ల దగ్గర తెలిసేది. ఎక్స్‌పీ సెటప్ నీలం తెర మీద ఎఫ్6 నొక్కమనేది, డ్రైవరేమో ఫ్లాపీలో ఉండాలి. ఫ్లాపీ డ్రైవే లేని ల్యాప్‌టాప్‌లో, సాటా కంట్రోలర్ ఏహెచ్‌సీఐ మోడ్‌లో ఉంటే, హార్డ్ డిస్కే కనపడేది కాదు. ఆ డ్రైవర్‌నూ సీడీలో కలిపేస్తే గండం గట్టెక్కేది. అదే సీడీలో ‘విన్‌ఎన్‌టీ డాట్ సిఫ్’ అనే చిన్న జవాబుల ఫైలు పెట్టి, అందులో పేరు, టైమ్‌జోన్, ప్రోడక్ట్ కీ ముందే రాసిపెడితే సెటప్ ఎవరినీ ఏమీ అడిగేది కాదు. కీ మామూలు అక్షరాల్లోనే ఉండేది కనుక ఆ సీడీని మాత్రం బీరువాలో పెట్టి తాళం వేయాల్సి వచ్చేది.

తర్వాత వచ్చిన విండోస్ విస్టాతో ఆ జవాబుల ఫైలు ఎక్స్‌ఎమ్‌ఎల్‌గా మారింది. విండోస్ ఇమేజ్‌లో అప్‌డేట్లు కలపడాన్ని ఇప్పటికీ చాలామంది స్లిప్‌స్ట్రీమ్ అనే అంటారు.