బొమ్మ ముందు తెలుగు: నాంపల్లి, అబిడ్స్ ప్రాంతంలో ప్రజాకళాబోధన – పరిభాష

సాహిత్య చరిత్రకారులు వచన ప్రక్రియలను లెక్కించేటప్పుడు ఉపన్యాసాన్ని అచ్చయిన రూపంలోనే గుర్తించడం పరిపాటి. అచ్చుకు రాని ప్రసంగం చరిత్రకు అందదు. అందులోనూ ఒక చిత్రాన్నో శిల్పాన్నో ఎదుట ఉంచుకొని, పండితులు కాని సభికులకు తెలుగులో వివరించే కళాచరిత్ర ప్రసంగం మరింత నిరాదరణకు గురైంది. సాహిత్య శాఖలు దానిని లలితకళలకు చెందినదిగా భావిస్తాయి. లలితకళల శాఖలు అందులోని భాషను పరిశీలనాంశంగా స్వీకరించవు. ఈ కారణంగా కళను గురించి తెలుగులో మాట్లాడేవారికి ప్రతిసారీ మొదటినుంచి మాటలు వెదుక్కోవలసిన అవస్థ మిగిలింది. హైదరాబాదులోని నాంపల్లి, అబిడ్స్ ప్రాంతాన్ని క్షేత్రంగా తీసుకొని ఈ సమస్యను చారిత్రకంగా పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం. కళను జనసామాన్యానికి తెలుగులో చెప్పడానికి అవసరమైన పరిభాషలో చాలా భాగం సభావేదికల మీద కాక, చిత్రకారుల పనిశాలల్లో ఉన్నదనీ, దానిని సేకరించి ప్రసంగభాషలోకి తీసుకురావడం తెలుగు పరిశోధన పరిధిలోని పనేననీ ఇందలి ప్రతిపాదన.

ఒకే తోట, వేర్వేరు భాషలు

బాగే ఆం అని పేరున్న నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో రాష్ట్ర పురావస్తు ప్రదర్శనశాల, తెలుగు విశ్వవిద్యాలయ ప్రాంగణం, పిల్లలకు చిత్రలేఖనం మొదలైన కళలు నేర్పే జవాహర్ బాలభవన్, లలితకళాతోరణం ఉన్నాయి. అక్కడినుంచి అబిడ్స్ వైపు నడిస్తే సరోజినీ నాయుడు నివాసమైన గోల్డెన్ థ్రెషోల్డ్ వస్తుంది. 1974లో హైదరాబాదు విశ్వవిద్యాలయం మొదలైనది ఆ ఇంట్లోనే. మరికొంత ముందుకు వెళ్తే రెడ్డి హాస్టల్, సారస్వత పరిషత్తు. కోఠీ వైపు తిరిగితే 1901లో స్థాపితమైన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం. ఒక పూటలో కాలినడకన చుట్టి రాగలిగిన ఈ పరిధిలో బొమ్మకూ పుస్తకానికీ సభకూ వేర్వేరు ఇళ్లు ఏర్పడ్డాయి. అవి చాలాకాలం వేర్వేరు భాషల్లోనే మాట్లాడుకున్నాయి.

హైదరాబాదు సంస్థానంలో పురావస్తు శాఖ 1914లో ఏర్పడింది. దాని సంచాలకుడు గులాం యజ్దానీ. అజంతా చిత్రాలపై ఆయన సంపాదకత్వంలో 1930 – 1955 మధ్య నాలుగు భాగాలుగా వెలువడిన గ్రంథం ఆంగ్లంలో ఉంది. అంతకుముందే, 1909 – 1911 మధ్య లేడీ హెరింగ్‌హామ్ నాయకత్వంలో జరిగిన అజంతా చిత్రాల ప్రతికృతి రచనలో నందలాల్ బోస్, అసిత్ కుమార్ హల్దార్ మొదలైనవారితో పాటు హైదరాబాదు చిత్రకారులు సయ్యద్ అహమ్మద్, మహమ్మద్ ఫజలుద్దీన్ పాల్గొన్నారు. గోడమీది చిత్రాన్ని గీత గీతగా ఎత్తి రాయడం సామాన్యమైన పని కాదు. శిథిలమైన తాళపత్ర ప్రతిని చదివి ఎత్తి రాసుకొనే లేఖకుని పనికి అది సాటి. లుప్తమైన అక్షరాన్ని ఊహించవచ్చునా, ఖాళీగా విడిచిపెట్టాలా అన్న ప్రశ్న ఇద్దరికీ సమానమే. పబ్లిక్ గార్డెన్స్‌లో 1930వ దశకం తొలినాళ్లలో ప్రారంభమైన ప్రదర్శనశాలలో అజంతా ప్రతికృతులకు ప్రత్యేకమైన చోటు ఉంది. సందర్శకులు ఎక్కువగా గుమికూడేది మాత్రం ఈజిప్టు మమ్మీ దగ్గర.

సంస్థానపు అధికారభాష ఉర్దూ, పురావస్తు పరిశోధన ప్రచురణభాష ఆంగ్లం కావడంతో ఈ జ్ఞానం తెలుగు సభకు నేరుగా చేరలేదు. తెలుగు సభ మరోచోట నడిచింది. 1926లో సురవరం ప్రతాపరెడ్డి సంపాదకత్వాన గోలకొండ పత్రిక వచ్చింది. 1943లో రెడ్డి హాస్టల్‌లో నిజాం రాష్ట్రాంధ్ర సారస్వత పరిషత్తు ఏర్పడింది. భాష బడిలోను, అచ్చులోను తన స్థానాన్ని నిలుపుకోవడానికే శ్రమించవలసిన కాలమది. పద్యమూ వ్యాకరణమూ చరిత్రా ముందు వరుసలో నిలవడం, బొమ్మ వెనుకబడడం సహజం. 1906లో హైదరాబాదులోనే మొదలైన విజ్ఞానచంద్రికా మండలి కూడా ప్రధానంగా చరిత్రను, జీవితచరిత్రను, ప్రకృతిశాస్త్రాలను, నవలను తన మార్గాలుగా చేసుకొంది. దీనిని లోపంగా ఎంచనవసరం లేదు. అయితే దాని ఫలితం ఏమిటో గుర్తించాలి. శాస్త్రవిజ్ఞానానికి తెలుగులో పరిభాష కల్పించే ఉద్యమం జరిగింది. కళాచరిత్రకు ఆ స్థాయిలో అటువంటి ఉద్యమం జరగలేదు.

సురవరం వారి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ ఇక్కడ ప్రస్తావించదగినది. 1949లో వెలువడి, 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన ఈ గ్రంథం కావ్యాలను ఆధారం చేసుకొని పూర్వుల వేషభాషలను, ఆటలను, కళలను పునర్నిర్మించింది. ‘క్రీడాభిరామం’లోని ఓరుగల్లు వీధులు చరిత్రకు ఆకరం కాగలవని చూపిన పద్ధతి అది. ఈ పద్ధతిలో నడక పద్యం నుంచి బొమ్మ వైపు సాగుతుంది. పద్యంలో కనిపించే చిత్రశాలను మనం ఊహించుకొంటాం. ప్రదర్శనశాలలో నిలబడిన వ్యాఖ్యాత ప్రయాణం దీనికి విలోమం: బొమ్మ ఎదుటనే ఉంటుంది, మాట మాత్రమే కావాలి.

ఆ మాటను కొంతవరకు సమకూర్చినవాడు నవలాకారుడు. అడివి బాపిరాజు స్వయంగా చిత్రకారుడు. రాజమహేంద్రవరంలో ఆస్వాల్డ్ కూల్డ్రే ప్రోత్సాహంతో దామెర్ల రామారావు, వరదా వెంకటరత్నం మొదలైనవారితో కలిసి ఎదిగినవాడు. 1940లలో హైదరాబాదుకు వచ్చి ‘మీజాన్’ తెలుగు దినపత్రికకు సంపాదకత్వం వహించాడు. ‘హిమబిందు’లో యువశిల్పి సువర్ణశ్రీని కథానాయకునిగా నిలపడంతో శాతవాహనుల కాలపు శిల్పం సామాన్య పాఠకుని పరిచయంలోకి వచ్చింది. వేదిక ఎక్కి చేసే కళాప్రసంగం చేయగల పనిని ఇక్కడ నవల చేసింది. బాపిరాజు నవలల్లోని వర్ణనలను అలంకారశాస్త్ర దృష్టితో పరిశీలించిన వ్యాసాలు మనకు కొదువ కాదు. వాటిని కళాబోధన వచనంగా చదవడం ఇంకా విస్తృతంగా జరగవలసి ఉంది.

1985లో తెలుగు విశ్వవిద్యాలయం ఏర్పడి, అంతకుముందే రద్దయిన సాహిత్య, సంగీత, నృత్య, నాటక, లలితకళల అకాడమీల బాధ్యతలు దాని పరిధిలోకి వచ్చాయి. ఇటీవల సురవరం వారి పేరు ధరించిన ఈ సంస్థలో శిల్ప చిత్రలేఖన శాఖ, జానపద కళల శాఖ, తెలుగు సాహిత్య అధ్యయనం ఒకే కప్పు కిందికి చేరాయి. విడివిడిగా నడిచిన భాషలు కలుసుకోవడానికి సంస్థాపరమైన అవకాశం అప్పుడు ఏర్పడింది.

పటంకథకూ కళాప్రసంగానికీ భేదం

బొమ్మ చూపి మాట చెప్పడం తెలుగువారికి కొత్త కాదు. తెలంగాణ పటంకథ సంప్రదాయంలో కథకుడు పొడవైన గుడ్డపటాన్ని అంకం వెంట అంకంగా విప్పుతూ కులపురాణం వినిపిస్తాడు. పద్మశాలీలకు కూనపులివారు మార్కండేయ, భావనాఋషి వృత్తాంతాలను, మాదిగలకు డక్కలివారు జాంబపురాణాన్ని చెబుతారు. ఈ పటాలను రచించేవారు చేర్యాల నకాషీ చిత్రకారులు. తెరమీద బొమ్మ వేసి వివరించే నేటి ఉపన్యాసానికి పటంకథను పూర్వరూపంగా చెప్పాలన్న ఆకర్షణ ఎవరికైనా కలుగుతుంది. ఈ పోలికను సగం వరకే అంగీకరించవచ్చునని నా అభిప్రాయం.

పటంకథలో బొమ్మ కథకు సాధనం. శ్రోత చూపు బొమ్మ గుండా కథలోకి వెళ్తుంది. గీత ఎలా సాగింది, ఎరుపు ఎందుకు నిండింది అన్న ప్రశ్నలకు అక్కడ తావు లేదు. అవి అడగనక్కరలేదు కూడా. జీర్ణించిన పటాన్ని విధిపూర్వకంగా నీటిలో కలిపి కొత్తది రాయించుకొనే ఆచారం ఈ సంబంధాన్ని స్పష్టం చేస్తుంది. కథ నిలిస్తే చాలు, బొమ్మ మారవచ్చు. ప్రదర్శనశాల ఇందుకు భిన్నంగా బొమ్మను నిలుపుతుంది, దాని కథను మౌనంలో ఉంచుతుంది. కళాచరిత్ర ప్రసంగం ఈ మౌనాన్ని తొలగించాలి. అలా తొలగించేటప్పుడు తిరిగి పటంకథకుని దారి పడితే ప్రసంగం పురాణశ్రవణంగా మారుతుంది. అజంతా ప్రతికృతి ముందు జాతక కథ సమస్తం చెప్పి, పద్మపాణి కనుబొమ గీతను గురించి ఒక్క మాట చెప్పకపోవడం తెలుగు వివరణల్లో తరచు కనిపించే ధోరణి. ఇతివృత్తం చెప్పడానికి మనకు శతాబ్దాల అలవాటు ఉంది, రూపం చెప్పడానికి లేదు. సభికులకు ఆసక్తి లేదని సరిపెట్టుకోవడం కన్నా వక్తకు మాటలు చాలలేదని ఒప్పుకోవడం నిజానికి దగ్గర.

రూపాన్ని చెప్పడానికి వక్తలు ఆశ్రయించే మొదటి మార్గం సంస్కృతం. కామసూత్రానికి యశోధరుని వ్యాఖ్యలో చెప్పిన చిత్రషడంగాలు రూపభేదం, ప్రమాణం, భావం, లావణ్యయోజనం, సాదృశ్యం, వర్ణికాభంగం తెలుగు విద్యార్థికి సులభంగా అందుతాయి. భావ లావణ్యాలు అతనికి కావ్యాల ద్వారా చిరపరిచితాలు. ఆ పరిచయమే ఒక చిక్కు. లావణ్యం అనగానే నాయిక గుర్తుకు వస్తుంది, రేఖ గుర్తుకు రాదు. సంజీవదేవ్ తన కళావ్యాసాల్లో సంస్కృత పదాన్ని వాడినా, దానిని వర్ణానికీ రేఖకూ కట్టి ఉంచడానికి శ్రమించాడు. అందుకే ఆయన వచనం కొందరికి బరువుగా తోస్తుంది. ఆ బరువు వృథా కాదు.

రెండవ మార్గం ఆంగ్ల పదాలకు సమానార్థకాలు కల్పించడం. ‘నేపథ్యం’ ఇందుకు మంచి ఉదాహరణ. నాటకశాస్త్రంలో తెర వెనుక వేషం కట్టే చోటుకు, వేషధారణకు చెల్లిన ఈ మాటను చిత్రంలోని వెనుక భాగానికి వాడుతున్నాం. దూరాన్ని భ్రమింపజేసే పాశ్చాత్య చిత్రానికి ఇది సరిపోతుంది. చేర్యాల పటంలోని ఎరుపుకు సరిపోదు. ఆ ఎరుపు రూపాల వెనుక లేదు. వాటితో సమానంగా గుడ్డమీదనే ఉంది. నేపథ్యం అన్న మాట లేని దూరాన్ని అక్కడ కల్పించి చూపరిని తప్పుదారి పట్టిస్తుంది.

పనిశాల మాటలు

మూడవ మార్గం వృత్తికారుల భాష. జనసామాన్యం కోసం జరిగే కార్యశాలలు భాషాపరిశోధకునికి ముఖ్యమయ్యేది ఈ కారణంగానే.

శ్రీకాళహస్తి కలంకారీని గమనిద్దాం. పారసీ మూలం గల ఈ పేరుకన్నా అక్కడి పనికి ‘వ్రాతపని’ అన్న తెలుగు మాట ఉంది. మచిలీపట్నం, పెడన ప్రాంతాల్లో అచ్చుదిమ్మెలతో చేసేది ‘అద్దకం’. ఒకటి రాయడం, మరొకటి అద్దడం. వ్రాతపనిలో గుడ్డను కరక్కాయ, పాలు కలిపిన ద్రవంలో తడిపి ఆరబెడతారు. బెల్లం, తుప్పు పట్టిన ఇనుము నీటిలో పులియబెట్టి తీసిన ద్రవంతో వెదురుకలంతో గీతలు రాస్తారు. కరక్కాయతో కలిసి ఇనుము నల్లబడుతుంది. ఎరుపు కావలసిన చోట పటిక నీరు రాస్తారు. పూర్వం చిరువేరు మొదలైనవాటితో గుడ్డను ఉడికించినప్పుడు పటిక ఉన్న మేరకు ఎరుపు నిలిచేది. అంటే చిత్రకారుడు ఎరుపును పూయలేదు, ఎరుపు రావడానికి చోటు సిద్ధం చేశాడు. తెలుగులో ‘రంగు వేయడం’, ‘రంగు పట్టడం’ అని రెండు క్రియలున్నాయి. మొదటిదానికి కర్త మనిషి, రెండవదానికి కర్త రంగే. కలంకారీ ముందు నిలబడి “ఎర్రరంగు వేశారు” అనే వక్త వాక్యం వ్యాకరణరీత్యా సాధువు, కళాచరిత్ర రీత్యా అసాధువు. ఈ ఒక్క క్రియాభేదాన్ని సభికులకు అందిస్తే, అద్దకపు చీర ఏదో, గోడచిత్రం ఏదో, పటం ఏదో వారు స్వయంగా వేరుచేసి చూడగలుగుతారు.

చేర్యాలలో పద్ధతి వేరు. అక్కడ రంగు వేస్తారు. చింతగింజల గంజి, సుద్ద, జిగురు కలిపి గుడ్డకు పూతలు పూస్తారు. రూపాల వెలిగీతలు గీసి, ఎరుపుతో తావు నింపి, తరువాత దేహాలకూ వస్త్రాలకూ ఆభరణాలకూ రంగులు వేసి చివర గీతలు దిద్దుతారు. పూర్వపు రంగుల పేర్లలో ఇంగిలీకం, పేవుడి వంటివి నేటి నిత్యవ్యవహారంలో అరుదు. నిఘంటువులో ఇంగిలీకానికి అర్థం దొరుకుతుంది. అది గుడ్డమీద ఎంత గాఢంగా నిలుస్తుంది, ఏ రంగు పక్కన వాడతారు అన్నది పనివాని దగ్గరే దొరుకుతుంది. ఇక నేపథ్యం అన్న మాటకు బదులు ‘నేల’ అనవచ్చునని నా సూచన. శిల్పశాస్త్రాల్లో చిత్రానికి ఆధారతలాన్ని సిద్ధపరచడాన్ని భూమిబంధనం అన్నారు. చేర్యాల ఎరుపు వెనుక దృశ్యం కాదు, రూపాలు నిలిచే నేల.

జనసామాన్యం కోసం జరిపే ఒకటి రెండు రోజుల కార్యశాలల్లో సాధారణంగా పూత వేసి ఆరిన గుడ్డనో, సిద్ధమైన ముఖాకృతినో చేతికిచ్చి రంగులు వేయమంటారు. కాలపరిమితి దృష్ట్యా అది అర్థం చేసుకోదగినదే. కానీ నానబెట్టడం, నూరడం, వడకట్టడం, పూయడం, ఆరబెట్టడం, రుద్ది నునుపు చేయడం వంటి క్రియాపదాలన్నీ ఆ ముందు దశలోనే ఉన్నాయి. దానిని తొలగించిన కార్యశాలలో పాల్గొన్నవారు ఒక బొమ్మతో ఇంటికి వెళ్తారు, దానిని గురించి చెప్పగల వాక్యం లేకుండా. గుడ్డ తయారీకి ఒక గంట కేటాయించి, చిత్రకారుణ్ణి తన మాటల్లోనే చెప్పనిచ్చి, పక్కన తెలుగు విద్యార్థి ఒకరు ఆ మాటలను సందర్భంతో సహా రాసుకొనే ఏర్పాటు కష్టసాధ్యం కాదు. రాసుకొన్నవాటిలో ఏ మాట కుటుంబానికి పరిమితమైనదో, ఏది ఆ వృత్తి అంతటా వాడుకలో ఉన్నదో, ఏది ఉర్దూ ద్వారా వచ్చినదో తేల్చడం తరువాతి పని. ‘నకాషీ’ అన్న పేరే అరబ్బీ మూలం గలది. అచ్చతెలుగు మోజుతో దానిని తొలగించాలనుకోవడం ఈ కళ చరిత్రలో ఒక పేజీని చింపడమే అవుతుంది.

తెలుగు విశ్వవిద్యాలయం నూతన ప్రాంగణం బాచుపల్లికి విస్తరించడంతో నాంపల్లి ప్రాంగణపు పాత్ర మారుతున్నది. ప్రదర్శనశాలకు పొరుగున తెలుగు శాఖ ఉండడం వల్ల కలిగిన సౌకర్యాన్ని వాడుకోవలసిన సమయం ఇదే. అజంతా ప్రతికృతుల గదిలో నెలకు ఒక చిత్రం ముందు అరగంట తెలుగు ప్రసంగం, దానికి అనుబంధంగా ఒక పనిశాల, రెండింటి లిఖిత ప్రతి – మొదటి ఏడాదికి ఇంతే చాలు. పన్నెండు ప్రసంగాల ప్రతులు చేతికి వస్తే వాటిలో ఎన్ని చోట్ల వక్త కథ చెప్పి రూపాన్ని దాటవేశాడో, ఎన్ని చోట్ల పనిశాల మాట వేదికమీదికి వచ్చిందో గుర్తించి పోల్చవచ్చు.