మైసిన్ దగ్గర దొరకని ‘ఎందుకు’

పదో తరగతిలో మా లెక్కల మాస్టారు, జవాబు సరిగ్గా ఉన్నా పక్కన ఎర్ర సిరాతో ‘ఎందుకు?’ అని రాసి రెండు మార్కులు తగ్గించేవారు. అదేంటి మాస్టారూ అంటే, ‘‘జవాబు పక్కవాడి పేపర్లో కూడా దొరుకుతుందిరా’’ అనేవారు. మా బ్యాచ్‌లో ఆయన మీద అలగనివాడు లేడు. మీ రంగం గురించి ఏదైనా రాయండని సంఘం మిత్రులు అడిగినప్పుడు నాకు ఆ ఎర్ర సిరా, దానితోపాటు ఒక కంప్యూటర్ ప్రోగ్రాం గుర్తొచ్చాయి. వైద్య విద్యార్థులకు యంత్రంతో పాఠం చెప్పించబోయి సరిగ్గా ఆ ప్రశ్న దగ్గరే ఆగిపోయిన కథ అది.

కంప్యూటరుతో చదువు చెప్పే ప్రయత్నం మనం అనుకునేదానికన్నా పాతది. 1960లో అమెరికాలోని ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో ‘ప్లేటో’ అనే వ్యవస్థ మొదలైంది. కొన్నేళ్లకే దానిమీద నర్సింగ్ విద్యార్థులకు పాఠాలు చెప్పారు. నా కథ మాత్రం స్టాన్‌ఫర్డ్‌ది.

1970లలో అక్కడ ఎడ్వర్డ్ షార్ట్‌లిఫ్ బృందం ‘మైసిన్’ అనే ప్రోగ్రాం తయారుచేసింది. రక్తంలో ఇన్ఫెక్షన్, మెనింజైటిస్ లాంటి కేసుల్లో రోగి వివరాలు అడిగి, ఏ బాక్టీరియా కావచ్చో, ఏ యాంటిబయాటిక్ ఇవ్వాలో చెబుతుంది. దాని బుర్ర అంతా ‘ఇలా ఉంటే అలా అనుకో’ అనే తరహా నియమాలే; సుమారు 450. పది మెనింజైటిస్ కేసులకు మైసిన్ రాసిన మందుల్నీ, స్టాన్‌ఫర్డ్ అధ్యాపకులు రాసిన మందుల్నీ, ఏది ఎవరిదో చెప్పకుండా 8 మంది నిపుణుల చేత దిద్దించారు. 1979లో ఫలితం అచ్చయింది. మైసిన్‌కి 65 శాతం ఆమోదం. అధ్యాపకుల్లో అందరికన్నా ముందున్నవారికి 62.5.

ఇంత తెలిసిన యంత్రం ఉండగా దాన్నే మాస్టారిగా పెడితే పోలేదా? విలియం క్లాన్సీ అదే పని చేశాడు. మైసిన్ నియమాలకు, పాఠం ఎలా నడపాలో చెప్పే మరో 200 నియమాలు జోడించి 1979 నాటికి ‘గైడన్’ అనే ప్రోగ్రాం రాశాడు. విద్యార్థి డాక్టరులా ప్రశ్నలడుగుతూ కేసు విప్పుతాడు. గైడన్ ఆ దారిని మైసిన్ దారితో పోల్చి చూసి, తప్పిన చోట ఆపుతుంది. ఇంజనీరు కంటికి ముచ్చటైన ఆలోచనే.

చిక్కు ఎక్కడొచ్చిందో క్లాన్సీయే తర్వాత వివరంగా రాశాడు. మైసిన్‌లో ఒక నియమం ఉంది: రోగి వయసు 8 ఏళ్లలోపు అయితే టెట్రాసైక్లిన్ ఇవ్వకు. ఎందుకు? ఆ మందు ఎదిగే ఎముకల్లో, పళ్లలో క్యాల్షియంతో కలిసిపోతుంది, పిల్లల పళ్లకు శాశ్వతంగా మరక పడుతుంది. ఈ సంగతి నియమం రాసిన డాక్టరుకి తెలుసు. యంత్రంలో మాత్రం ఎక్కడా లేదు. మందు రాయడానికి అది అక్కర్లేదు మరి!

నాకు బాగా నచ్చింది ఇంకొకటి. మెనింజైటిస్ రోగికి 17 ఏళ్లు దాటి, తాగుడు అలవాటు కూడా ఉంటే న్యుమోకాకస్‌ని అనుమానించమనే నియమం. అందులో వయసు షరతు ముందు, తాగుడు షరతు తర్వాత. ఆ వరస తారుమారైతే యంత్రం చంటిపిల్లాడి గురించి కూడా ‘తాగుతాడా?’ అని అడుగుతుంది. ఆ లోకజ్ఞానమంతా రెండు వాక్యాల వరసలో దాక్కుంది. విద్యార్థికి నియమం కనిపిస్తుంది, వరస వెనకున్న ఆలోచన కనిపించదు. కేసు చూడగానే ఏది ముందు అడగాలి, ఏది పక్కన పెట్టాలి అన్నదే కదా డాక్టరు నేర్చుకోవాల్సింది! చివరికి క్లాన్సీ బృందం ఆ ఆలోచన క్రమాన్ని విడిగా, పైకి కనిపించేలా రాస్తూ ‘నియోమైసిన్’ పేరుతో మళ్లీ మొదలుపెట్టింది.

ఇదంతా నేను తీరుబాటుగా చదువుకున్నది కాదు, దెబ్బ తిన్నాక చదివింది. కొన్నేళ్ల కిందట ఒక వైద్య కళాశాల కోసం కేసుల ప్రోగ్రాం రాశాను. తెరమీద రోగి వివరాలు, కింద నాలుగు మందులు. సరైనది నొక్కితే పచ్చదీపం. పిల్లలకు మార్కులు బ్రహ్మాండంగా వచ్చాయి, నేనూ మురిసిపోయాను. అక్కడి ప్రొఫెసర్ మేడమ్ మాత్రం ఒక కేసులో రోగి వయసు 26 తీసేసి 6 చేశారు. క్లాసులో చాలామంది మళ్లీ ఆ మందే నొక్కారు. ‘‘వీళ్లు వచ్చే ఏడాది వార్డులో ఉంటారండీ’’ అన్నారావిడ నా వైపు తిరిగి. నాకు నోట మాట రాలేదు.

ఆ వారమంతా కూర్చుని ప్రతి కేసు కిందా ఒక ఖాళీ పెట్టె పెట్టాను. పైన ‘ఎందుకు?’ అని, ఎర్ర రంగులోనే. మొదటిరోజు అందులో ఎక్కువగా వచ్చిన జవాబు: ‘బుక్‌లో అలాగే ఉంది.’ ఆ పెట్టె తీసెయ్యమంటారా అని మేడమ్‌ని అడిగాను. ‘‘ఉంచండి. ఆ జవాబుకి రెండు మార్కులు కొయ్యండి’’ అన్నారు.

కోశాను. పిల్లలు అలిగారని విన్నాను.