వ్యాపార వీసాపై విద్యా పరిశోధన

స్వల్పకాలిక వ్యాపార వీసాపై వచ్చిన విదేశీయుడు విద్యా పరిశోధన ఎంతవరకు చేయవచ్చన్నది దేశాన్ని బట్టి మారుతుంది. భారతదేశంలో దాదాపుగా చేయరాదు. అమెరికా, బ్రిటన్ కొంత వెసులుబాటు ఇస్తాయి.

భారత వ్యాపార వీసా సరుకు కొనుగోలు అమ్మకాలకు, వ్యాపార అవకాశాలు చూసుకోవడానికి, సాంకేతిక చర్చలకు, ప్రదర్శనలకు ఉద్దేశించినది. పరిశోధనకు విడిగా పరిశోధన వీసా, సదస్సులకు విడిగా సదస్సు వీసా ఉన్నాయి. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా టేకులపల్లి మండలంలో (2016 అక్టోబరు వరకు ఇది ఖమ్మం జిల్లాలోనిది) ఈ తేడా బాగా కనిపిస్తుంది. కోయగూడెం ఉపరితల గనికి యంత్రాల బేరం మాట్లాడటానికి విదేశీ కంపెనీ ప్రతినిధి వ్యాపార వీసాపై రావచ్చు. అదే మనిషి పక్క గూడెంలో కోయ కుటుంబాలను కూర్చోబెట్టి పరిశోధన కోసం వివరాలు రాసుకోవడం మొదలుపెడితే వీసా షరతు దాటినట్టే లెక్క. ఒక విదేశీ విశ్వవిద్యాలయం తరపున కేవలం ఒప్పందం మాట్లాడి వెళ్లేవారి సంగతి ఇంత కచ్చితంగా చెప్పలేం. అక్కడ దరఖాస్తులో రాసిన ప్రయోజనమే ప్రధానమవుతుంది.

ఇలాంటి గిరిజన (ఏజెన్సీ) ప్రాంతంలో వీసాతోనే పని పూర్తికాదు. జీవవైవిధ్య చట్టం (2002) 3వ సెక్షను ప్రకారం పరిశోధన కోసం ఇక్కడి మొక్కల, జీవుల నమూనాలు తీసుకోవాలంటే విదేశీయులు చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ నుంచి ముందే అనుమతి పొందాలి. ప్రవాస భారతీయులకూ ఇదే నిబంధన వర్తిస్తుందన్నది చాలామంది పట్టించుకోని విషయం. పాల్వంచ వైపున్న కిన్నెరసాని అభయారణ్యంలో శాస్త్రీయ అధ్యయనానికి వన్యప్రాణి సంరక్షణ చట్టం (1972) 28వ సెక్షను కింద ప్రధాన వన్యప్రాణి సంరక్షణాధికారి పర్మిట్ కావాలి. ఓసీఐ (విదేశీ భారత పౌరసత్వ) కార్డున్న తెలుగువారికి వీసా అక్కరలేదు గానీ, 2021 మార్చి నాటి కేంద్ర ప్రకటన ప్రకారం పరిశోధనకు వాళ్లు ప్రత్యేక అనుమతి తీసుకోవాలి. కార్డు ఉంటే చాలుననుకోవడం పొరపాటు.

ఈ అడవుల్లో పరిశోధనకూ ప్రయాణపత్రాలకూ ఉన్న లంకె పాతదే. ఆస్ట్రియన్ మానవశాస్త్రజ్ఞుడు క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమెన్‌డార్ఫ్‌ను నిజాం ప్రభుత్వ గిరిజన సలహాదారుగానే ఎక్కువమంది గుర్తుపెట్టుకుంటారు. ఆ పదవి తరువాతి సంగతి. 1938లో ఆస్ట్రియా జర్మనీలో కలిసిపోవడంతో ఆయన పాస్‌పోర్టు జర్మన్‌ది అయింది. 1939లో యుద్ధం రాగానే శత్రుదేశపు పౌరుడిగా హైదరాబాద్ సంస్థానం దాటరాదన్న ఆంక్షలో పడ్డాడు. చెంచులపై 1943లో, గోదావరి కొండల్లోని కొండరెడ్లపై 1945లో వెలువడిన గ్రంథాలు ఆ నిర్బంధం నుంచి పుట్టినవనడమే సబబు. గొమ్ము కోయ మాండలికంపై స్టీఫెన్ టైలర్ 1969లో ప్రచురించిన వ్యాకరణం వంటి పనులు కూడా స్వల్పకాలిక సందర్శనలో తెమిలేవి కావు.

ఇక్కడి నుంచి వెళ్లేవారికి లెక్క వేరు. అమెరికా బీ-1 (వ్యాపార సందర్శక) వీసా 'స్వతంత్ర పరిశోధన'ను అనుమతిస్తుంది. అయితే అమెరికా నుంచి జీతం రాకూడదు, పరిశోధన ఫలితం అక్కడి సంస్థకు ప్రయోజనం చేకూర్చేది కాకూడదు. పీఎల్-480 అనే అమెరికా ఆహార సహాయ పథకం కింద 1962 నుంచి అక్కడి గ్రంథాలయాలకు చేరిన తెలుగు పుస్తకాలను సొంత ఖర్చుతోనో, ఇక్కడి విశ్వవిద్యాలయం ఖర్చుతోనో చూసి వచ్చే అధ్యాపకుడు ఈ కోవలోకి వస్తాడు. 1998 నాటి చట్టం ఉపన్యాసాలకు గౌరవ పారితోషికాన్ని కూడా అనుమతించింది: ఒక్కో సంస్థలో 9 రోజులకు మించకూడదు, గత 6 నెలల్లో 5 సంస్థలకు మించి పుచ్చుకొని ఉండకూడదు.

బ్రిటన్ 2024 జనవరి 31 నుంచి సందర్శకులుగా వచ్చే శాస్త్రవేత్తలకు, అధ్యాపకులకు పరిశోధన విషయంలో నిబంధనలు సడలించింది. 12 నెలల వీసా కోరే అధ్యాపకులకు ఆ సడలింపు లేదు.

అమెరికన్ విశ్వవిద్యాలయం ప్రాజెక్టులో చేరి, దాని జీతంపై పనిచేసేవారికి బీ-1 చెల్లదు. సాధారణంగా జే-1 (మార్పిడి సందర్శకుల) వీసా తీసుకోవాలి.