పన్నెండు తీగల గిటారు, ట్రాకు, మన నంగారా

పోస్టు కొంచెం పొడుగు, ఓపిగ్గా చదవండి.

"మన లెంగీ పాటలకు ట్రాకు యాడ దొరుకుతుందన్నా?" అని హాస్టల్లో ఇంటర్ తమ్ముడొకడు అడిగినాడు. సినిమా పాటకైతే నిమిషంలో దొరుకుతుంది. గొంతు తీసేసి తాళం, బేసు మాత్రం ఉంచుతారు. ఫోన్‌ను స్పీకరుకు కలిపితే వెనకాల పదిమంది వాయిస్తున్నట్టే ఉంటుంది. మా రూములో ఒక పన్నెండు తీగల గిటారు ఉంది. సెకండ్ హ్యాండ్‌ది, బెంగళూరు నుంచి హిందూపురానికి రైల్లో వచ్చింది. మేం అట్లాంటి ట్రాకులతోనే దాన్ని నేర్చుకున్నాం. హోలీ పాటకు మాత్రం ట్రాకు లేదు. ఎందుకు లేదు అని వెతుకుతా పోతే ఈ గిటారు చరిత్ర దాకా పోయినాం.

మామూలు గిటారుకు ఆరు తీగలు, దీనికి ఆరు జతలు. మంద్రంగా పలికే నాలుగు జతల్లో ఒకటి లావు తీగ, పక్కది సన్న తీగ. సన్నది ఒక స్థాయి పైన పలుకుతుంది. మిగతా రెండు జతల్లో రెండు తీగలకూ ఒకటే స్వరం. ఒకసారి మీటితే ఇద్దరు వాయించినట్టు వినిపిస్తుంది. నూరేళ్ళ కింద అమెరికాలో ఆస్కార్ ష్మిట్ కంపెనీ 'స్టెల్లా' పేరుతో ఇట్లాంటివి చవకగా అమ్మేది. దక్షిణాదిలో నల్లజాతి పాటగాళ్ళు కొందరు వాటిని పట్టుకున్నారు. మైకు లేదు, వెనకాల బృందం లేదు. వీధిలో, డాన్సుల్లో ఒక్కడే గోలను మించి వినిపించాల. అట్లాంటా వీధుల్లో పాడిన, చూపులేని బ్లైండ్ విల్లీ మెక్‌టెల్ వాయించింది ఈ గిటారే.

అందరికన్నా పేరు వచ్చింది లెడ్ బెల్లీకి. అసలు పేరు హడ్డీ లెడ్‌బెటర్, లూసియానా మనిషి. 1933లో జాన్ లోమాక్స్, ఆయన కొడుకు అలన్ రికార్డింగ్ మిషన్ వేసుకుని జైళ్ళు తిరుగుతా, అంగోలా జైల్లో ఈయన పాటలు రికార్డు చేసినారు. ఆ జైలు ఉన్న నేల ఒకప్పుడు బానిసలతో పని చేయించిన తోట. ఆఫ్రికాలోని అంగోలా పేరే దానికి పెట్టినారు. ఇది చదివినప్పుడు మాకు స్టువర్టుపురం గుర్తొచ్చింది. 1871లో మొదలైన నేరస్థ తెగల చట్టాల కింద మన ఎరుకల పెద్దల్ని సెటిల్మెంట్లో పెట్టి హాజరు వేయించిన కాలం కూడా అదే కదా. దేశమంతటా ఆ చట్టం పోయింది 1952లో.

లెడ్ బెల్లీ 1934లో విడుదలైనాడు, 1949లో చనిపోయినాడు. మరుసటేడు ఆయన 'గుడ్‌నైట్ ఐరీన్' పాటను వీవర్స్ బృందం పాడితే అమెరికా అంతటా మొదటి స్థానానికి పోయింది. రచయితల పేర్లలో ఆయన పక్కన లోమాక్స్ పేరు కూడా చేరింది. రికార్డు చేసినోళ్ళు లేకుంటే ఆ పాటలు మన దాకా వచ్చేవి కావు, నిజమే. అయినా మిషన్ మోసుకొచ్చినంత మాత్రాన పాటలో భాగం వస్తుందా అనే ప్రశ్న మమ్మల్ని ఇంకా వదల్లేదు.

ఇక ట్రాకు సంగతి. 1950లో ఇర్వ్ క్రాట్కా అమెరికాలో 'మ్యూజిక్ మైనస్ వన్' మొదలుపెట్టినాడు. బృందంలో ఒక వాద్యం లేకుండా రికార్డు వస్తుంది, ఆ ఖాళీలో మనం వాయించుకోవాల. 1971లో జపాన్‌లోని కోబెలో ఇనోవే డైసుకే పాటలకు అట్లాంటి మిషన్ చేసినాడు, అదే కరోకే. ఆయన పేటెంటు కూడా తీసుకోలేదంట. వెనక వాయించే మనిషి పక్కన లేకున్నా పాట నడిచే దారి అట్లా పడింది.

మనిషి ఉన్న కాలాన్ని చూడాలంటే లేపాక్షికి పోండి, హిందూపురం నుంచి దగ్గరే. అచ్యుతదేవరాయల కాలంలో పెనుకొండ అధికారి విరూపణ్ణ కట్టించిన గుడి. నాట్యమంటపం స్తంభాల్లో తుంబురుడు వీణ వాయిస్తుంటాడు, రంభ నాట్యం చేస్తుంటుంది, చుట్టూ తాళం, మద్దెల వాళ్ళు. మేం ఆ మంటపంలో చానాసేపు కూర్చున్నాం. ఆడేవాళ్ళూ వాయించేవాళ్ళూ ఒకే చోట ఉన్నారు అనేదే మాకు కనిపించింది.

ట్రాకుతో మాకు వచ్చిన చిక్కు కూడా అక్కడే ఉంది. గిటారు వరకు సర్దుకోవచ్చు. పన్నెండు తీగల లాగుడుకు మెడ వంగుతుందని మేం ఒక స్వరం తగ్గించి శ్రుతి చేసి, రెండో మెట్టు మీద కేపో పెడతాం, అప్పుడు ట్రాకు శ్రుతితో కలుస్తుంది. ట్రాకులో ఇంకో గిటారు ఉంటే రెండూ కలిసి గోల అవుతుంది కాబట్టి తాళం, బేసు ఉన్నదే తీసుకోవాల. ఎంత సర్దినా ట్రాకు మాత్రం మన కోసం ఆగదు.

అందుకే మన ట్రాకు మనమే చేద్దామని కదిరి వైపు ఒక తండాకు పోయినాం. నంగారా వాయించే తాత, థాళీ వాయించే ఆయన ఇద్దరే మిగిలినారు. తాత చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టి, టిక్కు టిక్కు అనే తాళం వినిపించి వాయించమన్నాం. రెండు నిమిషాలకే తీసి పడేసినాడు. "ఇది నన్ను తరుముతాంది రా అబ్బీ" అన్నాడు. సరే, తాళం లేకుండా వాయించు తాతా అంటే మళ్ళా ఆపేసినాడు. "ఎవరూ ఆడకుంటే ఎవరికి వాయించల్ల?"

పక్కిళ్ళ నుంచి నలుగురు అవ్వలు వచ్చి ఆడినారు. తాత వాళ్ళ కాళ్ళకేసి చూస్తా వాయించినాడు. నెమ్మదిగా మొదలై పోయేకొద్దీ వేగం పెరిగింది. పదకొండు నిమిషాలు ఆగకుండా వచ్చింది. ధర్మవరంలో ఉండే మా ఫ్రెండు రాత్రి మగ్గాల చప్పుడు ఆగినాక కూర్చుని దాన్ని శుభ్రం చేసినాడు. వేగం సమానం చేస్తానన్నాడు, మేం వద్దన్నాం. అవ్వల కాళ్ళ గజ్జెలూ అట్లే ఉంచినాం.

ఇప్పుడు దాంతో గిటారు వాయిస్తున్నాం. కార్డులు పెడితే పాట ఇమడలేదు, అందుకే రెండు జతలే, తంబూరా మాదిరి మీటుతున్నాం. వేగం ఎప్పుడు పెరుగుతుందో కంఠతా రావాల, మాకు ఇంకా రాలేదు. ఫైలు పేరులో ముందు తాత పేరు, అవ్వల పేర్లు పెట్టినాం. రికార్డు చేసిన మా పేర్లు వేయలేదు.

శ్రావణంలో తీజ్‌కు మళ్ళా పోతాం. తొమ్మిది రోజుల పాటలు, అన్నీ రావాలంటే ఒక ఫోను చాలదు. మంచి మైకు ఎవరి దగ్గరన్నా ఉంటే చెప్పండి. మీ తండాలో, మీ పేటలో వాయించే పెద్దోళ్ళు ఉంటే వాళ్ళను అడిగి, వాళ్ళు సరే అంటేనే ఊరి పేరు రాయండి, మేం వస్తాం.