ఎలీసబెతు ఇల్లు: ఆదిలాబాద్ ప్రాంతములో గర్భిణులు, పసిబిడ్డల మధ్య సంఘ పరిచర్య

మరియ ఎలీసబెతు ఇంట ఇంచుమించు మూడు నెలలు ఉండెనని లూకా (1:56) వ్రాసెను. మనము మరియ స్తుతిగీతమును విస్తారముగా బోధిస్తాము గాని ఆ మూడు నెలల తోడును దాటిపోతాము. ఆ తోడు మన ప్రాంతములో ఎవరి ద్వారా లభించిందో పరిశీలిద్దాము.

వెస్లియన్ మెథడిస్టు మిషన్ మెదక్, కరీంనగర్‌లలో వైద్య పరిచర్య జరిగించింది. బైబిలు స్త్రీలు ఇళ్లకు వెళ్లి, తల్లుల కష్టసుఖములు విని, వాక్యము చెప్పారు. 1947లో ఆ సంఘములు దక్షిణ ఇండియా సంఘములో చేరాయి. అయితే మేమెరిగిన అనేక సంఘములలో ఆ గృహదర్శనము క్రమేణ సన్నగిల్లింది.

మరొక వైపు ప్రభుత్వ బాధ్యత పెరిగింది. 1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి పథకము దేశములో 33 బ్లాకులలో ఆరంభమై అంగన్‌వాడీలకు దారి తీసింది. 2005లో జననీ సురక్షా యోజన వచ్చింది. 2015లో ఆరోగ్య లక్ష్మి ద్వారా గర్భిణులకు, బాలింతలకు అంగన్‌వాడీలో ఒక పూట పూర్తి భోజనము, గుడ్డు, పాలు లభించాయి. 2022 డిసెంబరులో గర్భిణులకు పోషకాహార కిట్లు మొదట 9 జిల్లాలలో ఇచ్చారు. రక్తహీనత ఎక్కువైనందున ఎంపికైన ఆ జిల్లాలలో ఆదిలాబాద్, కుమురం భీం ఆసిఫాబాద్ రెండూ ఉన్నాయి. మన తల్లుల బలహీనతకు ఇదే సాక్ష్యము.

గుడ్డు, పాలు అవసరమే. కాని అప్పు, భర్త త్రాగుడు, వలస, ఆడపిల్ల పుట్టిందన్న నింద కిట్టుతో తీరవు. మా సంఘములో ఒక సహోదరి తొలి కాన్పు తరువాత నెలల తరబడి ఎవరితోను మాట్లాడలేదు. ఇంటివారు బద్ధకమన్నారు. మేము విశ్వాసము తగ్గిందని తలంచి ప్రార్థన చేసి వచ్చాము. అది కాన్పు తరువాత కలిగే మానసిక క్రుంగుదల అని, వైద్యము అవసరమని ఏ.ఎన్.ఎం. చెప్పినప్పుడే గ్రహించాము. ఆ అజ్ఞానము మాది, ఆమెది కాదు.

కాబట్టి కాపరులారా, అనుభవముగల తల్లులను ఇద్దరిద్దరిగా ఏర్పరచి, గర్భము తెలిసినది మొదలు బిడ్డకు రెండేండ్లు నిండేవరకు ఆ ఇంటిని దర్శింపజేయండి. భర్తతోను, అత్తగారితోను మీరే మాట్లాడండి. వానకాలములో వాగులు పొంగకముందే నెలలు నిండిన స్త్రీని ఆసుపత్రి దగ్గరకు చేర్చండి. ప్రార్థనను వైద్యమునకు పోటీగా నిలుపవద్దు. గూడెములో ఏ మతస్థులైనను సహాయమునకు షరతు పెట్టవద్దు.

శిశు ప్రతిష్ఠ దినమున బిడ్డను ఎత్తుకొనే మన చేతులు, అంతకు ముందే ఆ తల్లి భారమును మోసినవై యుండాలి.